నాలుగో స్టేజీ

జ్ఞానాపురంలో రైలుకట్టకి ఇవతల
అచ్చియమ్మ ముందుగదిలో రెండు టీవీలు,
అరగంటకి రెండు రూపాయలు.
హార్లిక్స్ సీసాలో చిల్లర పడ్డాకే
తెర మీద వీధి తెరుచుకునేది.

నాకెప్పుడూ రెండో రిమోటే.
ఒకటోది మా చిన్నాన్న కొడుకు తవిటినాయుడిది.
పసుపు చొక్కావాడు వాడు, ఎర్ర చొక్కావాడు నేను.
ఆ ఆటలో ఆడమనిషి లేదు;
లేదన్న సంగతి నాకు తోచనూ లేదు.
నా రిమోటులో గెంతే బటన్ నొక్కితే
లోపలికి దిగి అక్కడే ఉండిపోయేది,
గోరుతో పైకి లాగి మళ్లీ గెంతాలి.
ఇప్పటికీ ఆ బొటనవేలి గోరు కాస్త వంకర.

క్యాసెట్టు మొరాయిస్తే
అచ్చియమ్మ పైటచెంగు దూర్చి తుడిచేది, ఊదేది,
చెంగు మీది నల్లగీత చూపించి
"పోర్టు బొగ్గే గుంటా, మన అన్నంలోనూ ఇదే" అనేది.

మొదటి స్టేజీ వీధి. రెండోది లిఫ్టు. మూడోది అడవి.
నాలుగోది రేవు.
రేవు దాటింది లేదు మేం, ఒక్కనాడూ.
పెట్టెల వెనక నుంచి నీలం చొక్కాలవాళ్లు వచ్చేవారు
ఒకడి వెనక ఒకడు, అందరిదీ ఒకటే మొహం.
కొడితే ఎగిరి నీళ్లలో పడేవారు, తలకి వంద పాయింట్లు.
సరిగ్గా అక్కడే అచ్చియమ్మ:
"లెగండి, అరగంటయిపోనాది."
"ఇంకా రెండు లైఫులున్నాయమ్మా!"
"లైఫులుంటే ఏటే, డబ్బులుండాల గదా!"
స్విచ్చి కట్టేసేది.
టీవీ నడిమధ్య తెల్లటి చుక్కొకటి
కాసేపు మొండికేసి, ఆరిపోయేది.

ఇరవై ఎనిమిదేళ్లయింది.
ఆ గదిలో ఇప్పుడు ఫోన్ కవర్లమ్ముతున్నారు.
తవిటినాయుడు గాజువాకలో టైర్ల కొట్టు పెట్టాడు,
అడిగితే "ఏ ఆటే అది?" అన్నాడు.
కాసేపాగి,
"పసుపు చొక్కా నాది కదా" అన్నాడు.

నిన్న నైట్‌షిఫ్టులో బెర్తు ఖాళీ.
ఓడకింకా గంటన్నర ఉందని
లాషింగ్ కుర్రాడు లోవరాజు తన ఫోన్లో పెట్టిచ్చాడు.
అదే ఆట. చెవిలో దోమలాంటి అదే సంగీతం.
వీధి నాలుగు నిమిషాల్లో అయిపోయింది.
లిఫ్టులో అంతంత కేకలు ఎందుకు పెట్టామో తెలీలేదు.
అడవికి మొత్తం మూడే చెట్లు,
తిరిగి తిరిగి అవే వస్తున్నాయి.

రేవు వచ్చింది.
దాని వెనకాల ఏముందో ఎప్పుడూ చూడలేదు,
రెండు రూపాయల్లో చూసే తీరికెక్కడిది?
ఒక క్రేను ఉంది. కొసన ఎర్రదీపం వెలిగి ఆరుతోంది.
దూరంగా ఓ కొండ, అచ్చం మన డాల్ఫిన్ నోస్ —
కాదులే, నీళ్లలోకి వంగితే ఏ కొండైనా అలాగే ఉంటుంది.
పెట్టెల మీద అంకెలున్నాయి.
అలవాటు కొద్దీ చదవబోయాను.
అన్నిటి మీదా ఒకటే నంబరు. ఈ రేవులో టాలీ కుదరదు.

అప్పుడు వచ్చాడు నీలం చొక్కావాడు.
ఇన్నేళ్లూ కత్తి అనుకున్నాను వాడి చేతిలోది.
కొక్కెం. బస్తాలు లాగే కొక్కెం.
వాడు పరుగెత్తడం లేదు,
డ్యూటీకి వచ్చినట్టు నడుస్తున్నాడు.
వాళ్ల రేవులోకి చొరబడింది మేమే కదా.

చీర మీద తొడుక్కున్న నా యూనిఫాం చొక్కా
అప్పుడే చూసినట్టు చూశాను.

వేలు తీసి పక్కన పెట్టాను.
ఎర్ర చొక్కావాడు కదలకుండా నిలబడ్డాడు.
ఒక దెబ్బ. ఇంకొకటి.
"కొట్టండి మేడమ్, సచ్చిపోతారు!"
భుజం మీంచి లోవరాజు ఒకటే గోల,
వాడిదీ నీలమే.

ఒక లైఫు పోయింది. రెండున్నాయింకా.
ఓడ కూత వేసింది, చెప్పిన టైముకన్నా ముందే.
ఫోను చొక్కా అంచుతో తుడిచి ఇచ్చేశాను,
అంచు నల్లబడింది.

మెట్లు దిగుతూ వాడు
"ఐదో స్టేజీలో ఏటుంటాదో సెప్పనా మేడమ్?" అన్నాడు.
"చెప్పకు," అన్నాను.
"రా, పెట్టెలు లెక్కపెడదాం."